లాంగ్ స్టే వాళ్లకి వీసా రూల్స్ ఎందుకింతగా మారుతున్నాయి: రోజుల లెక్క, డబ్బు లెక్క, అడ్రస్ లెక్క

క్లుప్తంగా: టూరిస్టుగా వచ్చి నెలల తరబడి ఉండేవాళ్లకీ, వేరే దేశంలో రిటైరై సెటిలైన వాళ్లకీ రూల్స్ ఒక్కో దేశంలో ఒక్కోలా మారుతున్నట్టు కనిపిస్తాయి గానీ లోపల జరుగుతున్నది దాదాపు ఒకటే. టూరిస్ట్ స్టాంప్ మీదే ఏళ్లు గడిపేసే వీలుండే ఆ మధ్య ఖాళీ మూసుకుపోతోంది. బోర్డర్లో కంప్యూటర్ రోజులు లెక్కపెడుతోంది, ఎక్కువకాలం ఉండాలంటే ఫలానా పేరుతో ఫలానా రేటుతో వేరే వీసా తీసుకోమంటున్నారు, దాంతోపాటే ట్యాక్స్, ఇన్సూరెన్స్, అడ్రస్ రిజిస్ట్రేషన్ వచ్చి తగులుకుంటున్నాయి. అంతో ఇంతో పెన్షన్ మీద బతికే మధ్యతరగతి వాళ్లకే దీని దెబ్బ ఎక్కువ.

ముందు ఒక ముడి విప్పుకోవాలి: వీసా వేరు, ఉండే పర్మిషన్ వేరు

ఈ టాపిక్‌లో సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. వీసా అనేది తలుపు దాకా తీసుకెళ్లే కాయితం, లోపల ఎన్నాళ్లుండొచ్చో చెప్పేది తలుపు దగ్గర ఆఫీసర్ ఇచ్చే తేదీ. అమెరికా విజిటర్ వీసా పదేళ్లకి ఇచ్చారంటే పదేళ్లు ఉండొచ్చని కాదు, దిగిన ప్రతిసారీ ఐ-94 రికార్డులో ఒక తేదీ పడుతుంది, మామూలుగా ఆరు నెలలు, ఆ తేదీయే అసలైన గడువు. అది ఒక్కరోజు దాటినా చేతిలో ఉన్న పదేళ్ల వీసా దానంతటదే చెల్లకుండా పోతుంది. గడువు మీద 180 రోజులు దాటి ఉండిపోయి తర్వాత బయటికెళ్తే మూడేళ్లు, ఏడాదో అంతకంటే ఎక్కువో ఉండిపోయి వెళ్తే పదేళ్లు మళ్లీ రానివ్వరు.

థాయ్‌లాండ్‌లో 2024లో మొదలైన డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా, అందరూ డీటీవీ అనేది, ఇదీ అంతే. వీసా ఐదేళ్లు చెల్లుతుంది, కానీ ఒక్కసారి వస్తే 180 రోజులే. "ఐదేళ్ల వీసా" అన్న మాట ఒక్కటే విని ఐదేళ్లు కదలకుండా ఉండొచ్చనుకునే వాళ్లు తక్కువేం లేరు. ఇంగ్లీష్‌లో వ్యాలిడిటీ అన్నా స్టే అన్నా మనం రెండింటినీ గడువు అనే ఒక్క మాటతోనే చెప్పుకుంటాం, అందుకే ఈ పొరపాటు తేలిగ్గా జరిగిపోతుంది.

బోర్డర్ రన్ ఎలా నడిచింది, ఎందుకు ఆగిపోతోంది

చాలా దేశాల టూరిస్ట్ రూల్‌లో పాత రోజుల్లో ఒక సందు ఉండేది. ఒకసారికి 30 రోజులో 60 రోజులో అని రాసుండేది గానీ ఎన్నిసార్లు రావచ్చో రాసుండేది కాదు. దాంతో గడువు అయిపోయే రోజు పొద్దున్నే బస్సెక్కి పక్కదేశం బోర్డర్ దాకా వెళ్లి, అవతల ఒక ముద్ర వేయించుకుని, సాయంత్రానికి మళ్లీ ఇవతలికి వచ్చి ఇంకో నెల సంపాదించుకోవడం మామూలైపోయింది. దీన్నే బోర్డర్ రన్, వీసా రన్ అన్నారు. ఇలా పదేళ్లు, పదిహేనేళ్లు గడిపిన వాళ్లున్నారు, ఇల్లు అద్దెకి తీసుకున్నారు, బండి కొనుక్కున్నారు, పిల్లల్ని స్కూల్లో వేశారు, కానీ కాయితం మీద మాత్రం టూరిస్టులే. అక్షరాలా చూస్తే వీళ్లలో చాలామంది రూల్ తప్పలేదు. రూల్ రాసినప్పుడు ఇలా వాడతారని ఎవరూ అనుకోలేదంతే.

ఈ సందుని థాయ్‌లాండ్ మెల్లిగా మూసుకుంటూ వచ్చింది. 2016 చివర్లో, వీసా లేకుండా రోడ్డు మార్గంలో వచ్చేవాళ్లకి క్యాలెండర్ ఏడాదికి రెండుసార్లే అని లిమిట్ పెట్టింది. అదే ఏడాది మార్చి నుంచి ఓవర్‌స్టే మీద బ్యాన్‌లు తెచ్చింది. ఆ బ్యాన్ లెక్క గమనిస్తే ప్రభుత్వం ఆలోచన అర్థమవుతుంది: గడువు మీద 90 రోజులు దాటి ఉండిపోయినా ఏడాది లోపే తనంతట తానే ఎయిర్‌పోర్టుకొచ్చి వెళ్లిపోతే ఏడాది బ్యాన్, అదే మనిషి పోలీసులకి దొరికిపోతే ఐదేళ్ల బ్యాన్. తప్పు ఒకటే అయినా దొరకడానికీ లొంగిపోవడానికీ మధ్య నాలుగేళ్ల తేడా పెట్టారు. ఫైన్ మాత్రం రోజుకి 500 బాత్ చొప్పున 20,000 బాత్ దగ్గర ఆగిపోతుంది. ఇదివరకు చాలామంది ఆ 20,000ని ఒకరకంగా లాంగ్ స్టే ఫీజులాగే చూసేవాళ్లు, కట్టేసి వెళ్లి మళ్లీ వచ్చేవాళ్లు. బ్యాన్ వచ్చాక ఆ లెక్క పనిచెయ్యడం మానేసింది.

మరి అదే థాయ్‌లాండ్ 2024 జులై 15 నుంచి 93 దేశాల వాళ్లకి వీసా లేకుండా 60 రోజులు ఎందుకిచ్చింది అని అడగొచ్చు. కరోనాలో టూరిజం ఆదాయం కుప్పకూలింది, దాన్ని మళ్లీ నిలబెట్టాలంటే గేట్లు తెరవాల్సిందే. ఇమిగ్రేషన్ ఆఫీస్‌లో 1,900 బాత్ కట్టి ఇంకో 30 రోజులు పెంచుకునే వీలు కూడా ఉండటంతో ఒక్కసారి దిగితే 90 రోజులు చేతికొచ్చాయి. ఏడాది తిరగకముందే, ఈ 60 రోజుల్ని కొందరు పర్మిట్ లేకుండా వ్యాపారాలు చెయ్యడానికీ ఉద్యోగాలు చెయ్యడానికీ వాడుకుంటున్నారని, మళ్లీ 30కి తగ్గించాలని 2025లో అక్కడి టూరిజం శాఖే చర్చ మొదలుపెట్టింది. ఒక ప్రభుత్వంలోనే టూరిజం వాళ్లు జనాన్ని రమ్మంటుంటే ఇమిగ్రేషన్ వాళ్లు ఎవరొస్తున్నారో చూడమంటుంటారు. ఈ రెండు చేతుల లాగుడే బయటివాళ్లకి "రూల్ మళ్లీ మారింది" అన్నట్టు కనిపిస్తుంది.

90/180: చూడ్డానికి చిన్నది, లెక్కేస్తే తలనొప్పి

యూరప్‌లో షెన్‌గెన్ దేశాలు, అంటే తమ మధ్య బోర్డర్ చెకింగ్ ఎత్తేసుకున్న దేశాలు, ఈ సందుని ముందు నుంచే వేరే పద్ధతిలో కట్టేశాయి. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకి మించి ఉండకూడదు. బోర్డర్ దాటొస్తే మీటర్ సున్నాకి రాదు. ఈ ఒక్క వాక్యం పట్టుబడక ఇబ్బంది పడేవాళ్లు చాలామంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకరు 2026 జనవరి 10న దిగి మార్చి 30న వెళ్లారు. దిగిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి కాబట్టి జనవరిలో 22, ఫిబ్రవరిలో 28, మార్చిలో 30, మొత్తం 80 రోజులు. మళ్లీ మే 20న వచ్చారు. యాభై రోజులు బయటే ఉన్నాం కదా, కొత్తగా 90 మొదలైందిలే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. మే నెలలో ఏ తేదీన నిలబడి వెనక్కి 180 రోజులు చూసినా జనవరి 10 ఇంకా ఆ 180 రోజుల కిటికీ లోపలే ఉంటుంది, పాత 80 రోజులూ అలాగే ఉంటాయి. మిగిలినవి పదే రోజులు. మే 29కల్లా బయటికెళ్లిపోవాలి, 30న ఉంటే అది ఓవర్‌స్టే. జనవరి 10 ఆ కిటికీలోంచి జారిపోయేది జులై 9న, అప్పట్నుంచి రోజుకొకటి చొప్పున పాత రోజులు రాలిపోతూ కొత్త రోజులు చేతికొస్తుంటాయి. కిటికీ మనతోపాటే కదులుతూ ఉంటుందన్నది గుర్తుపెట్టుకుంటే లెక్క తప్పదు.

ఇన్నాళ్లూ ఈ లెక్కని ఆఫీసర్లు పాస్‌పోర్ట్ పేజీలు తిప్పి, మసకబారిన ముద్రలు చూసి చేసేవాళ్లు. ఒక దేశంలో దిగి ఇంకో దేశంలోంచి వెళ్తే ముద్రలు చెల్లాచెదురుగా ఉండేవి, కొన్ని కనపడేవి కావు, కొన్నిసార్లు కొట్టడమే మర్చిపోయేవాళ్లు. 2025 అక్టోబర్ 12న మొదలైన ఎంట్రీ/ఎగ్జిట్ సిస్టమ్, ఈఈఎస్, ఈ ముద్రల స్థానంలోకి వచ్చింది. 29 దేశాలకి ఉమ్మడి రికార్డు, ముఖం ఫోటో, వేలిముద్రలు, వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ. అన్ని బోర్డర్లలో పూర్తిగా అమలవ్వడానికి 2026 ఏప్రిల్ 10 గడువుగా పెట్టుకున్నారు. గమనిస్తే ఇక్కడ రూల్ ఒక్క అక్షరం కూడా మారలేదు, 90/180 ఎప్పటిదో. కానీ మనిషి చూసి వదిలేసే చోట కంప్యూటర్ పట్టుకుంటుంది కాబట్టి అనుభవంలో ఇది కొత్త రూల్ కంటే పెద్ద మార్పు. ఏదైనా ఒక షెన్‌గెన్ దేశం ఇచ్చిన లాంగ్ స్టే వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ ఉన్నవాళ్లు ఈఈఎస్ కిందకి రారు, ఆ దేశంలో పర్మిట్ మీద ఉన్న రోజులు 90లో కలవవు. అదే మనిషి పర్మిట్ ఇచ్చిన దేశం దాటి పక్క షెన్‌గెన్ దేశానికి వెళ్తే మాత్రం అక్కడ మళ్లీ 90/180 వర్తిస్తుంది.

డబ్బు లెక్క: అఫిడవిట్ నుంచి బ్యాంక్ బుక్ దాకా

టూరిస్ట్ దారి ఇరుకయ్యే కొద్దీ జనం రిటైర్మెంట్ వీసా వైపో, ఇన్వెస్టర్ వీసా వైపో వెళ్తారు. ప్రభుత్వాలు కూడా అటే వెళ్లమంటున్నాయి. కాకపోతే అక్కడ గేటు దగ్గర అడిగే మొత్తం పెరుగుతోంది, మాట నమ్మడం తగ్గుతోంది.

థాయ్‌లాండ్‌లో 50 దాటినవాళ్లు ఏడాది చొప్పున పొడిగించుకోవాలంటే బ్యాంకులో 8 లక్షల బాత్ ఉండాలి, లేదా నెలకి 65,000 బాత్ ఆదాయం చూపించాలి. ఆదాయానికి చాలా ఏళ్లు తమ ఎంబసీ ఇచ్చే లెటర్ సరిపోయేది. ఆ లెటర్‌లో చాలావరకు మనిషి తన ఆదాయం ఇంతని తానే ప్రమాణం చేసి చెప్పుకున్నది తప్ప ఎంబసీ చెక్ చేసింది తక్కువ. ఈ ఆదాయాల్ని ఎంబసీలే సర్టిఫై చెయ్యాలని థాయ్ అధికారులు అడగడంతో, అది మా వల్ల కాదని బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా ఎంబసీలు 2018 చివర, 2019 మొదట్లో ఆ లెటర్లు ఇవ్వడం ఆపేశాయి. అంతే, అప్పటిదాకా ఒక కాయితంతో అయిపోయే పని బ్యాంక్ బుక్ మీద పడింది.

2019లో ఆ బ్యాంక్ బుక్ రూల్ కూడా బిగిసింది. 8 లక్షలు అప్లికేషన్‌కి రెండు నెలల ముందు నుంచి అకౌంట్‌లో ఉండాలి, పొడిగింపు వచ్చాక ఇంకో మూడు నెలలు అలాగే ఉండాలి, ఆ తర్వాత కూడా ఏడాది పొడవునా 4 లక్షల కిందకి రాకూడదు. ఎందుకింత వివరంగా రాశారంటే, అప్లై చేసే రోజుకి ఏజెంట్లు ఆ డబ్బు అప్పుగా అకౌంట్‌లో వేసి ముద్ర పడగానే వెనక్కి తీసేసుకునే వ్యాపారం పెరిగిపోయింది కాబట్టి. ప్రతి కొత్త షరతు వెనకాల ఇలా ఒక పాత దొంగదారి ఉంటుంది. దాని బరువు మోసేది మాత్రం నిజాయితీగా పెన్షన్ మీద బతుకుతున్న పెద్దాయన, తన డబ్బే ఏడాదంతా తాకకుండా పెట్టుకోవాల్సిన పరిస్థితి ఆయనది.

మలేషియా కథ ఇంకా పెద్ద కుదుపు. 2002లో మొదలైన మలేషియా మై సెకండ్ హోమ్ స్కీమ్‌ని 2020లో ఆపి 2021లో కొత్త షరతులతో మళ్లీ తెరిచినప్పుడు, బయటి నుంచి వచ్చే నెల ఆదాయం 10,000 రింగిట్ నుంచి 40,000కి, ఫిక్స్‌డ్ డిపాజిట్ 10 లక్షల రింగిట్‌కి వెళ్లిపోయింది. అప్పటికే అక్కడ ఇళ్లు కొనుక్కున్న వాళ్లలో గగ్గోలు లేచాక, పాతవాళ్లకి ఈ ఆదాయం షరతులు పెట్టబోమని ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2024లో సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మూడు మెట్లు చేసి డిపాజిట్లు 1,50,000, 5,00,000, 10,00,000 డాలర్లుగా పెట్టారు.

యూరప్‌లో కారణం వేరు. అక్కడ ఇళ్ల ధరలు, అద్దెలు పెరిగి స్థానికులకి ఇల్లు దొరకని పరిస్థితి రావడంతో, ఇల్లు కొంటే రెసిడెన్స్ ఇచ్చే గోల్డెన్ వీసాల మీద రాజకీయంగా వ్యతిరేకత పెరిగింది. పోర్చుగల్ 2023 అక్టోబర్‌లో ఇళ్ల కొనుగోలు దారిని మూసేసింది, ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ల దారి ఉంచింది. స్పెయిన్ 2025 ఏప్రిల్ 3తో స్కీమ్‌నే ఎత్తేసింది. గ్రీస్ ఎత్తెయ్యలేదు గానీ ఏథెన్స్, శాంటోరిని లాంటి చోట్ల 2,50,000 యూరోల నుంచి మెట్లుమెట్లుగా 8,00,000 దాకా తీసుకెళ్లింది. గోల్డెన్ వీసాలే అద్దెలకి ఎంతవరకు కారణమన్నది వాదనలో ఉన్న విషయం, నగరం మొత్తం మీద ఆ కొనుగోళ్లు కొద్దివే. కానీ ఓటర్లకి కనిపించేది ఫారినర్ కొన్న ఫ్లాట్ కాబట్టి అక్కడే ముందు కత్తెర పడుతుంది.

ల్యాప్‌టాప్ వాళ్లకి కొత్త తలుపు, దాని వెనకే ట్యాక్స్

ఇంకో రకం వాళ్లున్నారు, పని ఒక దేశం కంపెనీకి, ఉండేది ఇంకో దేశంలో. పాత రూల్స్‌లో వీళ్లకి గదే లేదు. టూరిస్ట్ పని చెయ్యకూడదు, వర్క్ పర్మిట్ కావాలంటే స్థానిక కంపెనీ ఉండాలి, వీళ్లకి రెండూ కుదరవు. ఎస్టోనియా 2020లో వీళ్లకంటూ వేరే వీసా తెచ్చింది, తర్వాత డజన్ల దేశాలు అదే బాట పట్టాయి. పేరు ఒకటే, డిజిటల్ నోమాడ్ అని, లోపలి సరుకు మాత్రం ఒకదానికొకటి పోలిక లేదు. జపాన్ 2024లో పెట్టింది ఆరు నెలలకే, పొడిగింపు లేదు, ఏడాది ఆదాయం కోటి యెన్‌లు ఉండాలి. థాయ్ డీటీవీకి 5 లక్షల బాత్ ఉన్నట్టు చూపిస్తే చాలు. ఒక దేశం వీళ్లని ఖరీదైన టూరిస్టుగా చూస్తోంది, ఇంకో దేశం రేపటి నివాసిగా చూస్తోంది. షరతులు ఆ చూపుని బట్టే ఉంటాయి.

ఇక్కడ జనం తరచుగా దెబ్బతినే చోటు ట్యాక్స్. వీసా ఇచ్చే ఆఫీస్ వేరు, పన్ను వసూలు చేసే ఆఫీస్ వేరు, ఒకరు ఓకే అంటే ఇంకొకరు ఓకే అన్నట్టు కాదు. థాయ్‌లాండ్‌లో ఒక క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులున్నా పన్ను పరంగా రెసిడెంటే, వీసా మీద ఏం రాసున్నా సరే. ఇదివరకు బయటి దేశంలో సంపాదించిన డబ్బుని ఆ ఏడాది కాకుండా తర్వాతి ఏడాది తెచ్చుకుంటే పన్ను పడేది కాదు. 2024 జనవరి 1 నుంచి ఆ వీలు తీసేశారు, ఆ తేదీ తర్వాత సంపాదించింది ఎప్పుడు తెచ్చినా లెక్కలోకి వస్తుంది, అంతకుముందు సంపాదించిన దానికి మినహాయింపు ఉంది. రెండు దేశాల మధ్య ట్యాక్స్ ఒప్పందం ఉంటే ఒకే ఆదాయం మీద రెండుసార్లు పడకుండా ఆపొచ్చు, కానీ అది కాయితాలతో రుజువు చేసుకోవాల్సిన బాధ్యత మనిషిదే.

అడ్రస్ లెక్క

దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు గానీ రోజువారీ జీవితంలో ఎక్కువ విసిగించేది ఇదే. థాయ్ చట్టం ప్రకారం ఫారినర్ ఇంట్లో దిగిన 24 గంటల్లో ఇంటి ఓనర్ ఇమిగ్రేషన్‌కి చెప్పాలి, టీఎం 30 అంటారు. ఫారినర్ స్వయంగా ప్రతి 90 రోజులకీ అడ్రస్ రిపోర్ట్ చెయ్యాలి. ఇవి 1979 నాటి చట్టంలోవే, చాలాకాలం టీఎం 30ని ఎవరూ పట్టించుకోలేదు, 2019 ప్రాంతంలో గట్టిగా అమలు చెయ్యడం మొదలుపెట్టారు. బాధ్యత ఓనర్‌ది, కానీ ఆ స్లిప్ లేకపోతే కౌంటర్ దగ్గర పొడిగింపు ఆగేది అద్దెకున్న వాళ్లకి. ఓనర్ ఊళ్లో లేకపోతేనో, అద్దె ఆదాయం బయటపడుతుందని రాయడానికి ఇష్టపడకపోతేనో ఆ మనిషి ఏం చెయ్యాలి? చాలా గొడవయ్యాక 2020లో, రీ-ఎంట్రీ పర్మిట్ (మళ్లీ రావడానికి ముందే తీసుకునే అనుమతి) మీద వెళ్లి అదే అడ్రస్‌కి తిరిగొస్తే మళ్లీ రాయనక్కర్లేదని సడలించారు.

ఉండటం తప్పనిసరి చేసే రూల్స్ కూడా ఈ కోవలోకే వస్తాయి. యూఏఈలో మామూలు రెసిడెన్స్ ఉన్నవాళ్లు వరుసగా ఆరు నెలలు దాటి బయట ఉంటే అది రద్దవుతుంది, గోల్డెన్ వీసా వాళ్లకి ఈ బెంగ లేదు. ఒకచోట ఎక్కువ రోజులున్నావని, ఇంకోచోట తక్కువ రోజులున్నావని ఇబ్బంది.

ప్రకటన వేరు, అమలు వేరు

వార్తల్లో వచ్చే గందరగోళానికి ఇంకో కారణం, ఒకే రూల్ మూడు నాలుగుసార్లు వార్త అవుతుంది. మంత్రి అన్నప్పుడు ఒకసారి, క్యాబినెట్ ఒప్పుకున్నప్పుడు ఒకసారి, గెజిట్‌లో వచ్చినప్పుడు ఒకసారి, అమలైనప్పుడు ఇంకోసారి. ఈఈఎస్‌నే చూస్తే 2022 అన్నారు, 2023 అన్నారు, 2024 నవంబర్ అన్నారు, చివరికి 2025 అక్టోబర్‌లో వచ్చింది. అమెరికా 2025 జులైలో 250 డాలర్ల వీసా ఇంటిగ్రిటీ ఫీజు చట్టం చేసింది గానీ సంతకం పడిన మర్నాడే కౌంటర్లో వసూలు మొదలవలేదు. హెడ్డింగ్ చూసి టికెట్ క్యాన్సిల్ చేసుకోవడమూ తప్పే, ఇదెప్పటికీ రాదులే అనుకోవడమూ తప్పే.

ఏ కొత్త రూల్ వచ్చినా ముందు వెతకాల్సిన లైన్ ఒకటుంది: ఇప్పటికే ఉన్నవాళ్ల సంగతేంటి? జపాన్ 2025 అక్టోబర్ 16న అక్కడ కంపెనీ పెట్టి నడిపేవాళ్లకిచ్చే బిజినెస్ మేనేజర్ వీసాకి పెట్టుబడిని 50 లక్షల యెన్‌ల నుంచి ఒక్కసారిగా 3 కోట్లకి పెంచినప్పుడు, ఉన్నవాళ్లకి మూడేళ్ల వ్యవధి ఇచ్చింది. అది పూర్తి మినహాయింపు కాదు, కానీ సర్దుకోవడానికో సర్దుకుని వెళ్లిపోవడానికో టైమ్ దొరుకుతుంది.

ఆ లైన్ సరిగ్గా రాయకపోతే ఏమవుతుందో థాయ్ రిటైర్మెంట్ ఇన్సూరెన్స్ చూస్తే తెలుస్తుంది. 2019 అక్టోబర్ 31 నుంచి బయటి దేశంలోని థాయ్ ఎంబసీలో ముందే తీసుకుని వచ్చే ఓ-ఏ అనే రకం రిటైర్మెంట్ వీసాకి హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేశారు, మొదట ఇన్‌పేషెంట్‌కి 4 లక్షల బాత్, తర్వాత మొత్తం కవర్ 30 లక్షల బాత్‌కి పెంచారు. అదే వయసు, అదే ఊరు, అదే బ్యాంక్ బ్యాలెన్స్ ఉండి, దేశంలోకి వచ్చాక నాన్-ఓ అనే రకం మీద రిటైర్మెంట్ పొడిగింపు తీసుకున్న పక్కింటాయనకి ఈ ఇన్సూరెన్స్ అడగలేదు. ఎప్పుడో పదేళ్ల కిందట ఏ కౌంటర్లో ఏ ఫారం నింపారన్న దాన్ని బట్టి 75 ఏళ్ల మనిషి ప్రీమియం కట్టాలా వద్దా అనేది తేలింది, ఆ వయసులో కొత్త పాలసీ ఇచ్చే కంపెనీ దొరకడమే కష్టం. చాలామంది దేశం దాటి బయటికెళ్లి, పాత వీసా వదిలేసి, నాన్-ఓ మీద మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టారు.